బరంపురం వార్డుకు గాలి కబురు

మా అన్నయ్య కూతురు సుజాత ఈమధ్యే ఆరోగ్య శాఖలో చేరింది. మొదటి వారంలోనే ఫోన్ చేసి, "అత్తా, ట్రైనింగులో అన్నీ సెప్పినారు గానీ, జనం మన మాట ఇనకపోతే ఏటి సెయ్యాలో సెప్పనేదు" అంది. నాకు నవ్వొచ్చింది. ఆ సంగతి నాకూ ఎవరూ చెప్పలేదు. గంజాం జిల్లా పల్లెల్లో ముప్పై ఏళ్ళకు పైగా హెల్త్ విజిటరుగా తిరిగాను. గర్భిణులను చూడడం, పిల్లలకు టీకాలు వేయించడం, జ్వరాల ఆరా తీయడం నా పని. ఒడియా ఇళ్ళలో నన్ను "దిదీ" అన్నారు, తెలుగు ఇళ్ళలో "సిస్టరమ్మా" అన్నారు. ఎవరూ వినని రోజులు రెండిళ్ళలోనూ ఉన్నాయి.

సుజాత కోసం, దానిలాగే కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గొడవ, రిజిస్టర్ల గొడవ ఇందులో ఉండదు. కరోనా కాలం గురించి పెద్ద పెద్ద సంగతులు రాయగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆ మొదటి వేసవిలో ఒక చేపల పేటలో జరిగింది మాత్రం చెబుతాను. రిటైర్మెంటు దగ్గరపడిన రోజులవి. ఇంట్లో అందరూ సెలవు పెట్టమన్నారు. పెట్టి ఉంటే నా ఉద్యోగం ఏమిటో తెలియకుండానే దిగిపోయేదాన్ని.

మైకులో చెప్పిన మాట

ఆర్యపల్లికి ఆవల, సముద్రం ఒడ్డున ఉంటుంది ఆ పేట. పేరు రాయను. అక్కడున్నవాళ్ళంతా తెలుగు చేపలవాళ్ళు. తాతల కాలం నుంచి ఒడిశాలోనే ఉన్నా వలల దగ్గర, ఇంట్లో, దెబ్బలాటలో తెలుగే మాట్లాడతారు. మా జిల్లాలో లోపలి ఊళ్ళవాళ్ళు మగ్గాల పనికి సూరత్ పోతే, ఒడ్డునున్నవాళ్ళు బోట్ల మీద పనికి మద్రాసు పోతారు. లాక్‌డౌన్ పెట్టేసరికి ఆ పేట మగవాళ్ళలో సగం మంది మద్రాసు రేవులో చిక్కుకుపోయారు.

మేం చేసిన మొదటి పని ఊరూరా ఆటోలో మైకు తిప్పడం. "దూరంగా ఉండండి, బయటినుంచి వచ్చినవాళ్ళ గురించి వెంటనే తెలియజేయండి, ఈ రోగం ప్రాణాలు తీస్తుంది" అని రికార్డు చేసిన గొంతు పొద్దున, సాయంత్రం తిరిగేది. చెప్పింది అబద్ధం కాదు. కాని అందులో భయమే తప్ప చెయ్యవలసిన పని లేదు. జనానికి భయం నేర్పడం చాలా తేలిక, ఒక ఆటో చాలు. దాన్ని మళ్ళీ దింపాలంటే మనిషి వెళ్ళి ఇంటింటా కూర్చోవాలి. ఆ సంగతి నాకు మద్రాసు నుంచి బోటు వచ్చిన రోజున తెలిసింది.

సముద్రం మీంచి వచ్చినవాళ్ళు

రోడ్లు మూశారు, రైళ్ళు ఆపారు, సముద్రాన్ని ఎవరు మూస్తారు? మద్రాసులో చిక్కిన ఆ పేటవాళ్ళు కొందరు తలాకొంచెం డబ్బు వేసుకుని ఒక పాత మరబోటు సంపాదించి, డీజిలు, మంచినీళ్ళు, బియ్యం వేసుకుని బయల్దేరారు. బోటు నడిపే సరంగు కామయ్య. అరవై దాటిన మనిషి. అతని కూతురు లచ్చమ్మ ఆ పంచాయతీకి సర్పంచి.

లచ్చమ్మ గురించి ముందు చెప్పాలి. ఆడవాళ్ళకు కేటాయించిన సీటు కనుక ఆమెను నిలబెట్టారు. సభలకు, సంతకాలకు ఆమె భర్తే ముందుండేవాడు. ఆమె ఎండు చేపల గంప ఎత్తుకుని బరంపురం బజారుకు పోయేది. అయితే ఆ వేసవిలో ప్రభుత్వం క్వారంటైన్ విషయంలో సర్పంచులకు కలెక్టరు అధికారాలు ఇచ్చింది. ఆమె భర్త ఆ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. "అధికారం నీ పేరున వచ్చినాది, నువ్వే సూసుకో" అని తప్పుకున్నాడు. అలా లచ్చమ్మ నిజంగా సర్పంచి అయింది. మా ప్రభుత్వం చేసిన పనుల్లో నేను మెచ్చుకునేవాటిలో ఇది మొదటిది. ఊరి సంగతి ఊళ్ళో ఉన్న మనిషి చేతిలో పెట్టారు.

బోటు కనిపించిందని లచ్చమ్మే నాకు ఫోన్ చేసింది. "సిస్టరమ్మా, మా అయ్యోళ్ళు వచ్చీసినారు. పేటోళ్ళు దిగనివ్వటం నేదు. బేగి రండి."

నేను వెళ్ళేసరికి ఒడ్డంతా జనం. కెరటాలకు అవతల బోటు లంగరు వేసి ఊగుతోంది. దాని మీద మనుషులు చేతులూపుతున్నారు. ఒడ్డున ఉన్నవాళ్ళెవరూ చెయ్యి ఎత్తలేదు. వాళ్ళంతా బోటులో ఉన్నవాళ్ళ అన్నదమ్ములు, తల్లులు, పిల్లలే. పేట పెద్ద పోలయ్య తెప్పల కర్ర అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు.

"పోలయ్య మావా, నీళ్ళయిపోయినాయట. కనికరించండి" అంటోంది లచ్చమ్మ.

"మీ అయ్యున్నాడని నువ్వలాగే అంటావు" అన్నాడు పోలయ్య. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏటి సిస్టరమ్మా, పొద్దూ మాపూ మైకులో మీరే కదా సెప్పినారు? బయటోళ్ళొస్తే సచ్చిపోతామని మీరే సెప్పి, ఇప్పుడు మీరే దింపమంటారేటి?"

ఆయన అన్నది మా మాటే. నేను ఇసుకలో కూర్చున్నాను. నిలబడి వాదించే ఓపిక లేక కూర్చున్నాను గాని, దాంతో ఆయన కూడా కొంచెం దూరంలో కూర్చున్నాడు. కర్ర పక్కన పెట్టాడు.

నీళ్ళ తగాదా

"వాళ్ళని స్కూల్లో పెడతాం. ఊళ్ళోకి రారు. మీకేటి భయం?" అని అడిగాను.

పోలయ్య స్కూలు వైపు చూశాడు. పక్కనున్న ముసలమ్మ ఒకావిడ అంది: "స్కూలు పక్కన బోరింగు ఒక్కటే కదమ్మా. ఆళ్ళక్కడే తానాలు సేసి, ఆ నీరే మేం తాగాలి."

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. వాళ్ళు సొంత మనుషుల్ని కాదనుకోలేదు. పేట మొత్తానికి తాగే నీరు ఒకే చేతిపంపు నుంచి వస్తుంది, అది స్కూలు గోడకు ఆనుకుని ఉంది. మేం భయం అని పిలుస్తున్నదాని లోపల ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. సుజాతా, నువ్వు అడిగిన దానికి నాకు తెలిసిన జవాబు ఇదొక్కటే. జనం మాట వినకపోతే వాళ్ళ భయాన్ని మూర్ఖత్వం అనకు. దాని లోపలి ప్రశ్న బయటికి వచ్చేదాకా కూర్చో.

మా బ్లాకు డాక్టరు కుర్రవాడు, కటక్ వైపు ఒడియా మనిషి. మంచివాడే గాని ఊపిరాడని పనిలో ఉన్నాడు. ఒడియా మర్యాదలో ఆయన్ని నేను "ఆజ్ఞా" అనేదాన్ని, మన "అయ్యా" లాగ. ఫోన్ చేసి, "ఆజ్ఞా, నాకు మందులొద్దు, అంబులెన్సొద్దు. ఒక నీళ్ళ ట్యాంకరు పంపండి" అన్నాను.

"దిదీ, నేను డాక్టర్ని. ట్యాంకరు నా దగ్గర ఎక్కడుంటుంది?"

"మీ దగ్గర ఉండదు ఆజ్ఞా. మీరడిగితే వస్తుంది. నేనడిగితే రాదు."

ఆయన అడిగాడు. మధ్యాహ్నానికి ట్యాంకరు వచ్చి స్కూలు వెనక నిలిచింది. బట్టలు, స్నానాలు ఆ నీళ్ళతోనే, మురుగు చేతిపంపు వైపు పారకుండా వెనక గొయ్యిలోకి అని లచ్చమ్మ అందరి ముందూ చెప్పింది. పోలయ్య లేచి తన తెప్పను తనే నీళ్ళలోకి తోశాడు. కెరటాలు దాటి వెళ్ళి, వెంట తెచ్చిన ఖాళీ తెప్పను బోటు పక్కన వదిలి, వాళ్ళు అందులోకి దిగాక తాకకుండా తాడుతో లాగి ఒడ్డుకు చేర్చాడు.

దిగినవాళ్ళు రెండు వరుసల మనుషుల మధ్య నుంచి స్కూలు వైపు నడిచారు. తమ తమ వాళ్ళ పేర్లు పిలుస్తూ ఏడ్చారు, ఎవరూ దగ్గరికి రాలేదు. కామయ్య అందరికన్నా వెనక నడిచాడు. థర్మామీటరు పెడితే జ్వరం ఉంది. రెండు రోజులుగా ఉందట. "బోటు ఎవులికిచ్చీసి పడుకుంటాను సిస్టరమ్మా? ఒడ్డు సూపించి పడుకుందామనుకున్నాను" అన్నాడు.

నియమంలో లేని చేప

స్కూల్లో అన్నం వండే పని పేటలోని స్వయం సహాయక సంఘం ఆడవాళ్ళకు ఇచ్చారు. ఖర్చు ప్రభుత్వానిది. అది మంచి ఏర్పాటు. తిండి పెట్టారు, క్వారంటైన్ కాలం పూర్తిచేస్తే చేతికి కొంత డబ్బు ఇస్తామన్నారు. అందువల్లే చాలామంది గోడ దూకకుండా ఉన్నారు. మనిషిని కట్టడి చేసేటప్పుడు వాడి ఇంటి పొయ్యి సంగతి ముందు చూడాలని ఎవరికో పైన తోచింది. వారికి నా దండం.

కాని భోజనం ఎలా ఉండాలో పైనుంచే వచ్చింది: అన్నం, కూరగాయలు వేసిన పప్పు, గుడ్డు. చేపలవాళ్ళు రెండు రోజులు తిన్నారు. మూడో రోజు కంచాలు అలాగే వదిలేశారు. అదే సమయంలో పేటలో ప్రతి గుడిసెలోనూ ఎండు చేపలు మూటలు కట్టి పడి ఉన్నాయి. బరంపురం బజారు మూసేశారు, కొనేవాళ్ళు రావడం లేదు. రేషను బియ్యం వచ్చాయి, మూడు నెలలవి ఒకేసారి ఇచ్చారు. బియ్యంతో ఆకలి తీరుతుంది, కాని ఉప్పూ నూనే సబ్బూ చేపలమ్మితేనే వస్తాయి.

లచ్చమ్మ ఒక సాయంత్రం నాతో అంది: "లోపలోళ్ళకి కూడు ఎక్కటం నేదు. బయటోళ్ళకి సరుకు అమ్ముడవటం నేదు. మద్దిన గోడే కదా సిస్టరమ్మా ఉన్నాది. మా సేపలు మా వంటకి కొనుక్కోకూడదా?"

బ్లాకు ఆఫీసులో పెద్దాయన ఒకరు "భోజనం నియమాల్లో చేప లేదు" అన్నారు. మా డాక్టరు అక్కడే ఉన్నాడు. అలిసిపోయి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాడు లేచి, "వద్దని కూడా లేదు కదా. జ్వరం నుంచి తేరుకునేవాళ్ళకు మాంసకృత్తులు కావాలి, డాక్టరుగా నేను రాసిస్తాను" అన్నాడు. రాసిచ్చాడు. నా ఉద్యోగ జీవితంలో చాలామంది అధికారుల కింద పనిచేశాను. నియమాలు తెలిసినవాళ్ళను గౌరవించాను. నియమం ఎవరి కోసం పెట్టారో తెలిసినవాళ్ళను మాత్రం ప్రేమించాను. వాళ్ళు తక్కువమంది.

ఆ రోజు నుంచి మా బ్లాకులో ఆ ఒడ్డు మీదున్న క్వారంటైన్ కేంద్రాలన్నిటికీ పేటల నుంచే నెత్తళ్ళు, కవ్వళ్ళు లాంటి ఎండు చేపలు వెళ్ళాయి. వంకాయ వేసిన ఎండు చేపల పులుసు వాసనకు స్కూలు వరండాలో మగవాళ్ళు కంచాలు పట్టుకుని ముందే కూర్చునేవారు.

అన్నీ ఇంత బాగా జరగలేదు. ఉపాధి కల్పిస్తామని తర్వాత చెరువు పూడికతీత, కాలువ పనులు ఇచ్చారు. వల పట్టిన చేతికి గునపం ఇచ్చి, పని ఇచ్చామని లెక్క చెప్పుకున్నాం. నాలుగు రోజులు తవ్వి, అరచేతులు బొబ్బలెక్కి, ఆ మగవాళ్ళు మళ్ళీ మద్రాసు బోటువాళ్ళ ఫోన్లు ఎత్తడం మొదలుపెట్టారు. వాళ్ళకు ఐసుపెట్టెలు, వలలకు సాయం, దగ్గర్లో బజారు కావాలని లచ్చమ్మ సభల్లో అడిగింది. ఇంకా అడుగుతూనే ఉంది.

గాలి

కామయ్యకు పరీక్షలో కరోనా తేలింది. ఊపిరి బరువెక్కడం మొదలైంది. బరంపురంలో కోవిడ్ ఆస్పత్రికి పంపాలి. అంబులెన్సు వచ్చినప్పుడు అతను స్కూలు స్తంభం పట్టుకున్నాడు. "ఒల్లను సిస్టరమ్మా. ఆడకెల్లినోళ్ళు తిరిగి రావటం నేదంట. ఇక్కడైతే కెరటం ఇనిపిస్తాది."

లచ్చమ్మ గేటు బయట నిలబడి ఉంది. ఆమె ఒక్క మాట అంటే పేటంతా అతన్ని అక్కడే ఉంచేది. "అయ్యా, ఎల్లు" అంది. "నాను సర్పంచిని. నీకొక్కడికి ఒగ్గీమని సెప్పలేను. ఎల్లు అయ్యా." కామయ్య కూతుర్ని చూశాడు, స్తంభం వదిలాడు. బండి వెళ్ళిపోయాక ఆమె గేటు పట్టుకుని అక్కడే కూలబడింది. నేను ఆమెను పట్టుకోకూడదు. రెండు చేతుల దూరంలో కూర్చున్నాను. ఆ రోజుల్లో మేం నేర్చుకున్న ఓదార్పు అదే.

ఆస్పత్రివాళ్ళ దగ్గర నా నంబరే ఉంది. కొన్ని రోజులకు వార్డు నర్సు ఫోన్ చేసింది. మినతి అనే ఒడియా అమ్మాయి.

"దిదీ, మీ ముసలాయనతో పెద్ద చిక్కొచ్చింది. పొద్దున్నుంచి 'గాలి, గాలి' అంటున్నాడు. ఒడియాలో గాళి అంటే తిట్టు కదా? పక్క మంచం ఆయన తనను తిడుతున్నాడనుకుని దెబ్బలాడాడు. నేను తెలుగువాళ్ళను అడిగి, గాలంటే ఇదీ అని తెలుసుకుని ఫ్యాను పెంచాను. అదీ కాదంటున్నాడు."

అతని చెవి దగ్గర ఫోన్ పెట్టించాను. "కామయ్యా, ఏటి కావాల?"

ఆక్సిజన్ చప్పుడు మధ్య నుంచి మాట సన్నగా వచ్చింది. "గాలి ఎటేపుంది సిస్టరమ్మా? ఇక్కడ కిటికీలు మూసీసినారు. గాలి తెలకపోతే నాకు పొద్దేదో మాపేదో తెల్డం నేదు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పొద్దున లేస్తూనే గాలి ఎటునుంచి వస్తోందో చూసి, ఆ రోజు ఏం చెయ్యాలో తేల్చుకున్న మనిషి అతను. తెల్లగోడల మధ్య అతనికి అన్నీ ఉన్నాయి, అదొక్కటీ లేదు. నేను లచ్చమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఒడ్డుకు పరుగెత్తిన చప్పుడు వినిపించింది. "దచ్చినం గాలి సిస్టరమ్మా! కెరటం పెద్దదే. తెప్పలు దించలేదని సెప్పండి."

అది నేను ఒడియాలో మినతికి చెప్పాను. మినతి ఆ రెండు తెలుగు మాటలు నా దగ్గరే నేర్చుకుని అతనికి చెప్పింది. అప్పటినుంచి రోజూ అదే మా పని. బరంపురం నుంచి ఊపిరి కబురు వచ్చేది, ఒడ్డు నుంచి గాలి కబురు వెళ్ళేది. తండ్రీ కూతుళ్ళ మధ్య అంతకు మించి మాటలు నడవలేదు.

ఒకరోజు లచ్చమ్మను మీటింగుకు ఛత్రపురం పిలిచారు. కబురు ఎవరు పంపుతారా అనుకుంటుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "నాను పోలయ్యని. పొద్దున కొండలేపు నుంచి కొండగాలి ఏసినాది, ఎండెక్కేక దచ్చినం తిరిగినాది. కామయ్య బావకి రెండూ సెప్పాల. ఒకటే సెప్తే నమ్మడు." కర్ర అడ్డం పట్టిన మనిషే. రెండూ చెప్పించాను.

తర్వాత చెడ్డ రోజులు వచ్చాయి. కామయ్య మాట్లాడలేకపోయాడు. వార్డు డాక్టర్లు ఏమీ చెప్పలేమన్నారు. ఆ మాట లచ్చమ్మకు దాచకుండా చెప్పాను. ఆమె ఒడ్డుకు నడిచిన చప్పుడు వినిపించింది. "కొండగాలి" అంది చివరికి. "నీరు పలకలాగుందని సెప్పండి."

సాయంత్రం మినతి ఫోన్ చేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "దిదీ, కొండగాలి అని చెవిలో చెప్పాను. కళ్ళు తెరిచాడు. చెయ్యి లేపి ఇలా ముందుకు తోసినట్టు చూపించాడు. ఏమడుగుతున్నాడు?"

లచ్చమ్మను అడిగాను. "ఏటీ అడగటం నేదు" అంది. "తెప్పలు దించమంటన్నాడు. కొండగాలికి సముద్రం లోపలికెల్లాల కదా. మా అయ్య పని సెప్తన్నాడు సిస్టరమ్మా. బతుకుతాడు."

నేను ఆశలు పెట్టే మనిషిని కాను. ఈ ఉద్యోగంలో అది పెద్ద తప్పు, చాలామంది చేస్తారు. ఆ రోజు మాత్రం "చూద్దాం" అనలేకపోయాను. "అవును లచ్చమ్మా" అన్నాను.

తిరిగొచ్చిన రోజు

వానలు మొదలవుతుండగా కామయ్యను పంపారు. జాగ్రత్తగా ఉండవలసిన కాలమంతా ఆస్పత్రిలోనే ఉంచమని మా డాక్టరు పట్టుబట్టాడు. పేటలో గుడిసెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, వేరు గది ఎక్కడినుంచి వస్తుంది? ఆ సంగతి ఆయన ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆలోచించాడు.

అంబులెన్సు పేట మొదట్లో ఆగింది. తలుపు తీసి డ్రైవరు చెయ్యందిస్తే కామయ్య దిగాడు. సగం మనిషయ్యాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. నాలుగు అడుగులు వేసి ఆయాసంతో ఆగాడు. జనం వచ్చారు, పోలయ్య వచ్చాడు. అందరూ అలవాటు చొప్పున దూరంగా, మూతులకు గుడ్డలు కట్టుకుని నిలబడ్డారు. రావాలని ఉన్నా ఎవరూ ముందు అడుగు వెయ్యలేదు. అంతకాలం మేం నేర్పింది అదే.

లచ్చమ్మ అందరికన్నా ముందు నిలబడింది. తండ్రిని చూడడం లేదు, నన్ను చూస్తోంది.

"సిస్టరమ్మా" అంది. "ఇప్పుడు ముట్టుకోవచ్చా?"

"ముట్టుకో తల్లీ" అన్నాను.

ఆమె నడిచి వెళ్ళి తండ్రి ముందు ఆగింది. రెండు చేతులూ ఎత్తి అతని చెంపలు పట్టుకుంది. నెరిసిన గడ్డం వేళ్ళతో తడిమింది.

"ఏటయ్యా, ఈ గెడ్డమేటి?" అని కోప్పడింది. "అంతమంది ఉన్నారు కదా ఆసుపత్రిలో, గెడ్డం గియ్యమని ఒక్కరికీ సెప్పుకోలేకపోయినావా?"

కామయ్య కళ్ళు మూసుకుని, ఆ చేతుల్లో మొహం అలాగే ఉంచాడు.